ధారణ అనే విద్య

తెలుగులో ‘జ్ఞాపకశక్తి’ అనే మాట వాడుకలో స్థిరపడిపోయినందువల్ల, గుర్తుంచుకోవడమన్నది కండబలం వంటి ఒక శక్తి అనీ, అది కొందరికి పుట్టుకతోనే ఎక్కువగా, కొందరికి తక్కువగా వస్తుందనీ, ఏదో ఒక మానసిక వ్యాయామం చేస్తే అది మొత్తంగా బలపడుతుందనీ ఒక భావం జనంలో పాతుకుపోయింది. ఇదే పనికి పండితుల నోట వినిపించే మరో మాట ‘ధారణ’. పట్టి నిలపడమనే అర్థమున్న ‘ధృ’ ధాతువు నుంచి వచ్చిన ఈ మాట ఒక పనిని సూచిస్తుంది; పని అన్నాక దానికి పద్ధతి ఉంటుంది, నేర్పేవారు ఉంటారు, సాధన ఉంటుంది, తప్పొప్పులు ఉంటాయి. జ్ఞాపకాన్ని సాధనతో పెంచుకోవడం నిస్సందేహంగా సాధ్యమనీ, అయితే అలా పెరిగేది సాధన చేసిన విషయంలోని పనితనమేననీ, ఆ పనితనం పుస్తకం ముందు గడిపిన గంటల కంటె ఎక్కువగా, తెలుగు బడులు ‘అప్పజెప్పడం’ అని పిలిచిన క్రియ వల్ల వస్తుందనీ నిరూపించడం ఈ స్మారకోపన్యాసం ఉద్దేశం. ఉపాధ్యాయుల స్మృతికి అంకితమైన వేదికల మీద ఈ విషయాన్ని పరిశీలించడం సముచితం కూడా, ఎందుకంటే పాఠం చెప్పినవారి కృషిలో శిష్యుడి దగ్గర చివరికి మిగిలేది అతడు మళ్ళీ చెప్పగలిగినంత మేరకే.

ఆధునిక మనస్తత్వశాస్త్రం జ్ఞాపకాన్ని మూడు దశలుగా చూస్తుంది: విషయాన్ని లోనికి తీసుకోవడం గ్రహణం, అది చెదరకుండా ఉండడం నిలుపుదల, అవసరమైనప్పుడు దాన్ని బయటికి రప్పించడం స్మరణ. భారతీయ తర్కశాస్త్రంలోనూ దీనికి దగ్గరగా ఉండే విభజనే కనిపిస్తుంది. అనుభవం ఆత్మలో మిగిల్చిపోయిన ముద్రను తార్కికులు సంస్కారమన్నారు, నిద్రాణంగా ఉన్న ఆ ముద్రను మేల్కొలిపే నిమిత్తాన్ని ఉద్బోధకమన్నారు. గౌతముని న్యాయసూత్రాలలోని మూడవ అధ్యాయంలో స్మృతిని మేల్కొలిపే కారణాల పట్టిక ఒకటి చాలా పొడవుగా ఉంది. అందులో మొట్టమొదట వచ్చేవి ప్రణిధానం, నిబంధం, అభ్యాసం. ప్రణిధానమంటే గుర్తు తెచ్చుకోవాలన్న కోరికతో మనసును ఒకచోట నిలపడం. నిబంధమంటే ఒకే గ్రంథంలో ఒకే వరుసలో కూర్చిన విషయాలు ఒకదాన్నొకటి పిలుచుకు రావడం. అభ్యాసమంటే మళ్ళీ మళ్ళీ చేయడం. ఈ మూడు మాటలకూ ఇటీవలి నూట నలభై ఏళ్ళ ప్రయోగశాలలు ఏ అర్థం చెప్పాయో చూడడం ఆసక్తికరం.

ముందుగా, జ్ఞాపకాన్ని మొత్తంగా బలపరచవచ్చునా అన్న ప్రశ్న. దీన్ని తన మీదనే ప్రయోగించి చూసినవారు అమెరికన్ తత్త్వవేత్త, మనస్తత్వవేత్త విలియం జేమ్స్. విక్టర్ హ్యూగో దీర్ఘకవిత ఒకదానిలో 158 పంక్తులను ఎనిమిది రోజుల్లో కంఠస్థం చేయడానికి ఆయనకు దాదాపు 132 నిమిషాలు పట్టింది. తరువాత రోజుకు ఇరవై నిమిషాలకు పైగా వెచ్చించి, మిల్టన్ ‘పారడైజ్ లాస్ట్’ కావ్యంలోని ప్రథమ భాగం మొత్తాన్ని 38 రోజుల్లో కంఠస్థం చేసి, అంతటి కసరత్తు అయ్యాక మళ్ళీ హ్యూగో కవితకే వచ్చి మరో 158 పంక్తులు మొదలుపెట్టగా, ఈసారి 151న్నర నిమిషాలు పట్టింది. అప్పటికి అలసిపోయి ఉన్నట్లు జేమ్స్ స్వయంగా చెప్పుకున్నారు గనుక ఈ ఒక్క ప్రయోగం మీద తీర్పు ఆధారపడనవసరం లేదు. కానీ 1890లో వెలువడిన ఆయన గ్రంథం లేవనెత్తిన సందేహానికి, ఆ తరువాత తొంభై ఏళ్ళకు ఒక స్పష్టమైన సమాధానం దొరికింది.

ఆ సమాధానం అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటున్న ఒక సాధారణ విద్యార్థి నుంచి వచ్చింది. శాస్త్ర గ్రంథాలలో ఎస్.ఎఫ్. అనే పొడి అక్షరాలతోనే ప్రసిద్ధుడైన ఈ యువకుడికి ఆండర్స్ ఎరిక్సన్, విలియం చేజ్ అనే పరిశోధకులు సెకనుకు ఒక అంకె చొప్పున చదివి వినిపించి, విన్న వరుసలోనే తిరిగి చెప్పమనేవారు. మొదటి రోజుల్లో అతడు అందరిలాగే ఏడు అంకెల దగ్గర ఆగిపోయాడు. వారానికి మూడు నుంచి అయిదు రోజులు, రోజుకు గంట చొప్పున దాదాపు ఇరవై నెలల పాటు, మొత్తం 230 గంటలకు పైగా సాధన చేసిన తరువాత అతడు ఒక్కసారి విన్న 79 అంకెలను తప్పు లేకుండా చెప్పగలిగాడు. ఈ ఫలితం 1980లో ప్రచురితమైంది.

ఇక్కడ అసలు గమనించవలసింది ఆ అంకెల సంఖ్య కంటె అతడు వాటిని పట్టుకున్న తీరు. అతడు దూరపు పరుగు పందేలలో పాల్గొనేవాడు. కనుక 3, 4, 9, 2 అనే నాలుగు అంకెలు వినిపిస్తే అవి అతడి మనసులో మూడు నిమిషాల నలభై తొమ్మిది సెకన్ల మీద రెండు పదోవంతులుగా, అంటే ఒక మైలు పరుగులో ప్రపంచ రికార్డుకు దగ్గరగా వచ్చిన కాలంగా మారేవి. 8, 9, 3 వినిపిస్తే అది పరుగుకు పనికిరాదు గనుక ఎనభై తొమ్మిది దాటిన ముసలివాని వయసయ్యేది. ఇలా చిన్న చిన్న గుత్తులుగా కట్టి, ఆ గుత్తులను మళ్ళీ పెద్ద గుత్తులుగా కట్టి, చెప్పేటప్పుడు పెద్ద గుత్తి నుంచి చిన్న గుత్తికి, చిన్న గుత్తి నుంచి అంకెకు దిగివచ్చేవాడు. మనిషి ఒక్కసారి మనసులో పట్టుకోగల అంశాలు సుమారు ఏడేనని 1956లో జార్జ్ మిల్లర్ ఒక వ్యాసంలో చూపినప్పుడు, ఆ ఏడు అంశాలలో ఒక్కొక్కటి ఎంత పెద్దదైనా కావచ్చునని కూడా అన్నారు. ఎస్.ఎఫ్. చేసింది ఆ అంశాల పరిమాణాన్ని పెంచడమే. గౌతముడు నిబంధమన్నది దీనికి ఎంతో దూరం కాదు. అయితే ఆ 230 గంటల సాధన తరువాత పరిశోధకులు అంకెలకు బదులు అక్షరాలు వినిపించినప్పుడు, అతడు మళ్ళీ ఆరింటి దగ్గరే ఆగిపోయాడు. మామూలు అర్థంలో అతడి ‘జ్ఞాపకశక్తి’ ఆవగింజంత కూడా పెరగలేదు. అంకెలను ధరించే విద్య ఒకటి అతడికి అబ్బింది.

ఈ భేదం తెలియకపోవడం వల్ల తెలుగు ఇళ్ళలో పిల్లలకు జరిగే అన్యాయం చిన్నది కాదు. ఒక్కసారి వింటే పట్టేసేవారిని ఏకసంథాగ్రాహి అని గౌరవించే అలవాటు మనకుంది. ఆ మాటను ఆశ్చర్యంతో పలికేటప్పుడు అందులోని ‘సంథ’ అనే భాగాన్ని ఎవరూ పట్టించుకోరు. సంథ అంటే వేదపాఠశాలలో గురుముఖతః పాఠం చెప్పుకొనే పద్ధతి: గురువు ఒక భాగాన్ని ఒకసారి పలుకుతారు, శిష్యులు అదే స్వరంతో రెండుసార్లు పలుకుతారు, ఆ భాగం నోటికి వచ్చాక ముందుకు సాగుతారు, మర్నాడు నిన్నటి పాఠాన్ని అప్పజెప్పిన మీదటే కొత్త పాఠం. అంటే ఏకసంథాగ్రాహి అన్న మాటే, మిగిలిన అందరికీ అనేక సంథలు కావాలన్నది సహజమని ఒప్పుకుంటోంది. ఒక సంథలో రాలేదని పిల్లవాణ్ణి మందబుద్ధి అనడం ఆ పాఠశాలల సంప్రదాయానికే విరుద్ధం.

వేదాధ్యయనంలోని వికృతి పాఠాలు ధారణ కోసం మానవజాతి కల్పించుకున్న సాధనాలలో అత్యంత కట్టుదిట్టమైనవి. 1,028 సూక్తాలున్న ఋగ్వేదం వేల ఏళ్ళ పాటు ప్రధానంగా నోటి ద్వారానే నిలిచింది. వేదపఠన సంప్రదాయాన్ని యునెస్కో 2003లో మానవజాతి మౌఖిక వారసత్వపు మహత్తర కృతులలో ఒకటిగా ప్రకటించడానికి కారణం ఇదే. మంత్రాన్ని సంధులతో సహా ఉన్నదున్నట్లు చెప్పడం సంహితాపాఠం, సంధులు విడదీసి మాటమాటగా చెప్పడం పదపాఠం. మాటలను రెండేసి చొప్పున గొలుసుగా, ఒకటి–రెండు, రెండు–మూడు, మూడు–నాలుగు అని కలుపుకుంటూ పోవడం క్రమపాఠం. వీటి మీద నిలిచినవి జట, మాల, శిఖ, రేఖ, ధ్వజ, దండ, రథ, ఘన అనే ఎనిమిది వికృతులు. ఘనలో వరుస ఇలా నడుస్తుంది: ఒకటి–రెండు, రెండు–ఒకటి, ఒకటి–రెండు–మూడు, మూడు–రెండు–ఒకటి, మళ్ళీ ఒకటి–రెండు–మూడు; తరువాత రెండవ మాట నుంచి ఇదే వరుస. లెక్క వేసి చూస్తే, పంక్తి మధ్యలో ఉన్న ప్రతి మాటా 13 సార్లు పలకబడుతుంది. ఆ పదమూడుసార్లూ అది ఒకే స్థితిలో ఉండదు. పక్కమాట మారుతుంది, వరుస తిరగబడుతుంది, దాన్ని బట్టి సంధి మారుతుంది, స్వరం మారుతుంది. కనుక ఘనాపాఠి నోరు యాంత్రికంగా పరుగెత్తడానికి వీలుండదు; ప్రతి మలుపు దగ్గరా మనసు మేలుకొని ఉండి తరువాతి మాటను వెతికి తెచ్చుకోవాలి. ఎక్కడైనా ఒక అక్షరం జారితే గొలుసు అక్కడే తెగి, తప్పు అప్పటికప్పుడే బయటపడుతుంది. ఇంత శ్రమను వట్టి వల్లెవేతగా కొట్టిపారేసేవారు, ఆ పాఠాన్ని శ్రద్ధగా ఒక్క గడియ వినలేదనే అనుకోవాలి.

భారతదేశంలోని 21 మంది వేదపండితుల మెదళ్ళను, అదే వయసులో ఉన్న మరో 21 మంది మెదళ్ళతో పోల్చిన ఒక అధ్యయనం 2016లో వెలువడింది. భాషకు, వినికిడికి, జ్ఞాపకానికి సంబంధించిన కొన్ని ప్రాంతాలలో పండితులకు బూడిదరంగు పదార్థం, అంటే నాడీకణాలు దట్టంగా ఉండే పొర, ఎక్కువగా ఉన్నట్లు అందులో తేలింది. ఒకే సమయంలో రెండు బృందాలను పోల్చిన అధ్యయనం గనుక, వేదం వల్లించడం వల్లనే ఆ తేడా వచ్చిందని దానిబట్టి నిర్ధారించలేము. ఆ నిర్ధారణకు దగ్గరగా వెళ్ళింది లండన్‌లో జరిగిన పరిశోధన. సుమారు 25,000 వీధులను గుర్తుపెట్టుకొని అక్కడి టాక్సీ డ్రైవర్ల పరీక్షకు తయారవుతున్న 79 మందిని శిక్షణకు ముందూ తరువాతా పరీక్షించగా, ఉత్తీర్ణులైన 39 మందిలో మాత్రమే జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోకాంపస్ అనే భాగం వెనుకవైపు పెరిగినట్లు 2011లో వెల్లడైంది. అయితే అదే డ్రైవర్లు, ఒక చిక్కు బొమ్మను చూసి కొంతసేపటి తరువాత మళ్ళీ గీయమన్నప్పుడు మిగిలినవారి కంటె వెనకబడ్డారు. సాధన మెదడును నిజంగానే మలుస్తుంది. కానీ ఎక్కడ సాధన జరిగిందో అక్కడే మలుస్తుంది, కొన్నిసార్లు మరోచోట కొంత ఖర్చు పెట్టించి మరీ మలుస్తుంది.

ఇక మరుపు విషయం. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ సుమారు 2,300 అర్థరహితమైన అక్షర సముదాయాలను తయారుచేసుకొని, వాటిని తానే కంఠస్థం చేస్తూ, తానే మరచిపోతూ, 1885లో తన ఫలితాలను ప్రచురించారు. మరచిన వరుసను మళ్ళీ నేర్చుకోవడానికి మొదటిసారి కంటె ఎంత శ్రమ ఆదా అవుతుందో లెక్కగట్టడం ఆయన పద్ధతి. గంట గడిచేసరికి ఆ ఆదా 44 శాతానికి, మర్నాటికి 34 శాతానికి, నెలకు 21 శాతానికి దిగింది. అంటే మరుపు నేర్చుకున్న వెంటనే వేగంగా కోసివేసి, ఆ తరువాత నెమ్మదిస్తుంది. పన్నెండు సముదాయాల వరుసను ఒకే రోజున వెంటవెంటనే 68 సార్లు చదివినదానితో సమానమైన ఫలితం, మూడు రోజులకు పంచి 38 సార్లు చదివితే వచ్చిందని కూడా ఆయన గమనించారు. వేదపాఠశాలలో ఒక పాఠాన్ని రోజుల తరబడి ఆవృత్తి చేయించడంలోని వివేకం ఈ అంకెల్లో కనిపిస్తుంది. అర్థమున్న బైరన్ పద్యాలు నేర్వడానికి, అర్థంలేని వరుసలకు పట్టిన శ్రమలో సుమారు పదోవంతే సరిపోయిందని ఎబ్బింగ్‌హౌస్ రాసిన మాట, అర్థం తెలియకుండా బట్టీ పట్టించేవారు ప్రత్యేకంగా చదవదగినది.

అప్పజెప్పడం గురించిన నిర్ణాయకమైన ప్రయోగం మాత్రం ఈ శతాబ్దిలో జరిగింది. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే పరిశోధకులు విద్యార్థులకు ఒక వచనభాగాన్ని ఇచ్చి, ఒక బృందం చేత నాలుగు విడతలు చదివించారు. మరో బృందం చేత ఒక విడత చదివించి, మూడు విడతలు పుస్తకం మూయించి గుర్తున్నది రాయించారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే నాలుగు విడతలు చదివినవారే ముందున్నారు. వారం తరువాత పరీక్షిస్తే చదివినవారు 40 శాతం, రాసినవారు 61 శాతం చెప్పగలిగారు. 2006లో వచ్చిన ఈ ఫలితంలో మరో విషయం కూడా ఉంది: తమకు బాగా గుర్తుంటుందన్న నమ్మకం, మళ్ళీ మళ్ళీ చదివినవారికే ఎక్కువగా కలిగింది. కళ్ళకు పరిచితమైనది మనసుకు వచ్చేసినట్లు అనిపించడం ఒక భ్రమ. మన ఇంటర్మీడియట్ హాస్టళ్ళలో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా సాగే స్టడీ అవర్లు ఎక్కువభాగం ఈ భ్రమను పోషించడానికే ఖర్చవుతున్నాయి. పుస్తకం తెరిచి, రంగు గీతలు గీసుకుంటూ, పెదవులు కదుపుతూ పదోసారి చదువుతున్న విద్యార్థి కష్టపడుతున్నాడనడంలో సందేహం లేదు; ఆ కష్టం వారం నిలవదన్నది అతడికి ఎవరూ చెప్పకపోవడం విచారకరం. బట్టీకి, ధారణకు ఉన్న తేడా ఇదే: ఒకటి పుస్తకం చూస్తూ చేసేది, రెండవది పుస్తకం మూశాక మొదలయ్యేది.

పైన చెప్పిన సూత్రాలన్నీ ఒకే ఒక్క కళలో కలిసి పనిచేయడం చూడాలంటే తెలుగువారు ఇల్లు దాటి వెళ్ళనవసరం లేదు. అవధానం సంస్కృతంలోనూ కన్నడంలోనూ ఉన్నా, దాన్ని ఊరూరా జనం కూర్చుని చూసే సభావిద్యగా పెంచినది తెలుగు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి జంటగా సంస్థానాలలోను, పట్టణాలలోను చేసిన శతావధానాల పద్యాలు ‘శతావధానసారము’గా పుస్తకరూపంలో నిలిచాయి. మన కాలంలో మాడుగుల నాగఫణి శర్మ, గరికిపాటి నరసింహారావు, మేడసాని మోహన్ వంటివారు సహస్రావధానాల దాకా వెళ్ళారు. ఈ విద్యను సాధారణంగా సరస్వతీ కటాక్షంగా కీర్తిస్తారు. ఆ భక్తిని గౌరవిస్తూనే, దాని నిర్మాణాన్ని ఒక శిల్పాన్ని చూసినట్లు దగ్గరగా చూడవలసి ఉంది.

అష్టావధానంలో ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నించేవారు, అవధాని చుట్టూ కూర్చుంటారు. నిషిద్ధాక్షరి పృచ్ఛకుడు, అవధాని ఒక అక్షరం పలకగానే తరువాత రాగల అక్షరాన్ని ఊహించి దాన్ని నిషేధిస్తాడు. సమస్యాపృచ్ఛకుడు చూడడానికి అసంబద్ధంగా ఉండే ఒక పాదమిచ్చి, మిగిలిన మూడు పాదాలతో దాన్ని సబబు చేయమంటాడు. దత్తపదిలో నాలుగు మాటలిచ్చి, వాటికి పొంతన లేని విషయం మీద పద్యం అడుగుతారు. వర్ణన ఒకరిది, ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరం ఉండాలనే న్యస్తాక్షరి ఒకరిది. ఒకరు మధ్యమధ్య గంట కొడుతుంటే ఎన్ని కొట్టారో లెక్క పెట్టుకోవాలి. అప్రస్తుత ప్రసంగి సంబంధం లేని కబుర్లతో ఏకాగ్రతను చెదరగొడుతుంటాడు. అవధాని ఎవరి పద్యాన్నీ ఒకేసారి పూర్తి చేయడు. మొదటి ఆవృత్తంలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం, రెండవ ఆవృత్తంలో రెండవ పాదం. ఇలా నాలుగు ఆవృత్తాలయ్యాక, కాగితం ముక్క చేతిలో లేకుండా అన్ని పద్యాలనూ మొదటి నుంచి అప్పజెప్పడం ఉంటుంది. దానికే ధారణ అని పేరు. శతావధానమైతే పృచ్ఛకులు నూరుగురు, రోజులు కొన్ని.

ఇంత గందరగోళం మధ్య పద్యం ఎలా నిలుస్తుంది? ఒక ఉత్పలమాలను తీసుకుంటే, పాదానికి 20 అక్షరాలు. భ, ర, న, భ, భ, ర, వ అనే గణాల వరుస వల్ల ఏ అక్షరం గురువో ఏది లఘువో ముందే నిశ్చితమై ఉంది. పదవ అక్షరం మొదటి అక్షరంతో యతిమైత్రి కలిగి ఉండాలి. రెండవ అక్షరంలోని హల్లు నాలుగు పాదాల్లోనూ ఒకటే కావాలి, అది ప్రాస. కనుక ఒక పాదం ఎత్తుగడ గుర్తొస్తే యతిస్థానంలో ఏ జాతి అక్షరం రావాలో దానంతటదే తెలుస్తుంది. ఒక పాదంలో ప్రాస తెలిస్తే మిగిలిన మూడింటిలోనూ తెలిసినట్లే. మధ్యలో ఒక మాట జారినా, దాని స్థానంలో ఇమడగల మాటలు నూటికి ఒకటి రెండే ఉంటాయి, అవీ లయకు తగినవే కావాలి. ఛందస్సు కవికి సంకెల అన్నవారున్నారు; ధారణ చేసేవారికి అది చీకట్లో చేతికి తగిలే మెట్ల వరుస. ఎస్.ఎఫ్. అంకెలకు తానుగా గుత్తులు కట్టుకోవలసి వచ్చింది, అవధానికి గుత్తులు కట్టే దారాన్ని నన్నయ కాలం నుంచి వచ్చిన పద్యసంప్రదాయం చేతికందించింది. అమరకోశాన్ని, ‘ఆంధ్రనామసంగ్రహా’న్ని ఒకప్పటి పిల్లలచేత పద్యరూపంలోనే వల్లింపజేయడానికి కారణం కూడా ఇదే.

రెండవ బలం, ఆ పద్యం అవధాని స్వయంగా అల్లినది కావడం. చదివిన మాట కంటె తాను కల్పించిన మాట బాగా గుర్తుంటుందని స్లమెకా, గ్రాఫ్ అనే పరిశోధకులు 1978లో ప్రయోగపూర్వకంగా చూపారు. నిషిద్ధాక్షరిలో ప్రతి అక్షరం వెనుకా ఒక పెనుగులాట ఉంది, ఒక నిరాకరణ ఉంది, ఒక తప్పుకోలు ఉంది. చూసేవారికి జ్ఞాపకానికి అడ్డంకిగా కనిపించే ఆ నిషేధమే బహుశా జ్ఞాపకానికి మేకు కొడుతోంది.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ఆవృత్తాల అమరిక. ఒక పృచ్ఛకుడికి రెండవ పాదం చెప్పాలంటే మొదటి పాదం అర్థాన్ని, అన్వయాన్ని, ప్రాసను అవధాని మనసులోకి తెచ్చుకోకతప్పదు. మూడవ పాదానికి మొదటి రెండూ, నాలుగవ పాదానికి మొదటి మూడూ. ఈ లోగా మిగిలిన ఏడుగురు పృచ్ఛకులు మధ్యలో వచ్చి వెళతారు. ఆ ప్రకారం మొదటి పాదం ధారణకు ముందే కనీసం మూడుసార్లు, ఎడం ఎడంగా, ఇతర వ్యాపకాల మధ్య స్మరణకు వస్తుంది. ఎబ్బింగ్‌హౌస్ చెప్పిన ఎడమూ, రోడిగర్ చెప్పిన అప్పజెప్పడమూ ఇక్కడ సభామర్యాద రూపంలోనే ఇమిడి ఉన్నాయి. ఆ నాలుగు పాదాలనూ ఒక్క ఊపులో చెప్పేయమని ఉంటే, చివరి ధారణ అవధానికి మరింత కష్టమయ్యేదని ఊహించడానికి గట్టి ఆధారమే ఉంది.

సభలో పృచ్ఛకులు కూర్చునే స్థానాల గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. గ్రీకు కవి సైమొనిడీస్ గురించి రోమన్ వక్త సిసెరో తన గ్రంథంలో చెప్పిన కథ ప్రకారం, విందు జరుగుతున్న ఇంటి కప్పు కూలి అతిథులంతా గుర్తుపట్టలేని విధంగా మరణించగా, ఎవరు ఎక్కడ కూర్చున్నారో గుర్తు తెచ్చుకొని సైమొనిడీస్ వారిని గుర్తించగలిగాడు. గుర్తుంచుకోవలసిన అంశాలను పరిచితమైన ఇంటి గదులలో, వీధి మలుపులలో ఉంచినట్లు ఊహించుకొని, మనసులో ఆ దారి వెంట నడుస్తూ ఏరుకొనే స్థానపద్ధతికి ఆ కథ మూలమని చెబుతారు. పేరూ ముఖమూ స్థానమూ ఉన్న నూరుగురు పృచ్ఛకులు శతావధానికి అటువంటి దారిని సభలోనే పరిచి పెడుతున్నారనడం అతిశయోక్తి కాదు. ఈ పద్ధతి మామూలు మనుషులకు అబ్బుతుందా అంటే, అబ్బుతుందనే 2017 నాటి ఒక ప్రయోగం చెప్పింది: రోజుకు అరగంట చొప్పున 40 రోజులు దీన్ని నేర్చినవారు, 72 మాటల జాబితాలో మొదట సగటున 26 చెప్పగలిగినవారు, శిక్షణ తరువాత 62 చెప్పగలిగారు. అమెరికాలో పుట్టి పెరిగిన తెలుగు యువకులు కూడా అవధానాలు చేస్తున్న ఈ రోజుల్లో, ఇది నేర్పగల విద్యేనని వేరే రుజువు అక్కరలేదు.

జ్ఞాపకాన్ని పెంచుతామనే కంప్యూటర్ ఆటల గురించి ఎక్కువగా చెప్పనవసరం లేదు. 2010లో 11,430 మంది చేత ఆరు వారాలు ఆడించి చూసిన పరిశోధనలో, ఆడిన ఆటలో వారు మెరుగుపడ్డారు గాని ఆడని పనులలో మెరుగుపడినట్లు ఆధారం దొరకలేదు. అరవై అయిదేళ్ళు దాటిన 2,832 మందితో అమెరికాలో జరిగిన దీర్ఘకాలిక అధ్యయనంలో, జ్ఞాపకానికి ఇచ్చిన శిక్షణ ఫలితం కొన్నేళ్ళు కనిపించి, పదేళ్ళనాటికి చెరిగిపోయింది. తర్కానికి, చూపు చురుకుదనానికి ఇచ్చిన శిక్షణల ఫలితం మాత్రం కొంత మిగిలింది. మతిమరుపు భయంతో ఉన్న పెద్దల నుంచి డబ్బు వసూలు చేసే ప్రకటనలు ఈ తేడాను దాచిపెడతాయి. వార్ధక్యంలో పేర్లు గుర్తురాక బాధపడేవారికి, ఏవో గళ్ళు నింపే ఆట కంటె, పరిచయమైన మనిషి పేరును ఆ మాటల్లోనే రెండుసార్లు పలికి, సాయంత్రం ఒకసారి, మర్నాడు ఒకసారి తమకు తాము అప్పజెప్పుకోవడం ఎక్కువ మేలు చేస్తుంది. నిద్ర మానుకొని చదవడం వల్ల కలిగే నష్టం గురించి 1924లో జెంకిన్స్, డాలెన్‌బాక్ చేసిన ప్రయోగం నుంచీ శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు: నేర్చుకున్న తరువాత నిద్రించిన గంటల్లో జరిగే మరుపు, మేలుకొని ఉన్న గంటల్లో జరిగే మరుపు కంటె తక్కువ.

ఉపాధ్యాయులకు ఈ చర్చ నుంచి అందే పని చాలా చిన్నది. తరగతి ముగిసే ముందు అయిదు నిమిషాలు పుస్తకాలు మూయించి, ఆనాటి పాఠంలో గుర్తున్నది ఒక కాగితం మీద రాయించడం. మూడవరోజు, పదవరోజు అదే పాఠం మీద మళ్ళీ అయిదు నిమిషాలు. మార్కులు వేయకుండా, తప్పు రాసినవారిని నలుగురిలో నిలబెట్టకుండా ఇది జరగాలి, ఎందుకంటే తడబడుతూ వెతుక్కొనే ఆ కొద్ది క్షణాల్లోనే ధారణ గట్టిపడుతుంది, భయం ఆ వెతుకులాటను ఆపేస్తుంది.

అవధాన సభల నిర్వాహకులకు, పృచ్ఛకులుగా కూర్చునే పండితులకు మరో విజ్ఞప్తి ఉంది. ధారణ సమయంలో అవధాని ఎక్కడ ఒక్క క్షణం ఆగారో, ఆగినది పాదం ఎత్తుగడలోనా, యతి దగ్గరా, సమాసం మధ్యలోనా, మళ్ళీ అందుకున్నప్పుడు మొదట పలికిన మాటే పలికారా లేక అదే గణంలో మరో మాట వేశారా అన్నది, చేతిలో పద్యం రాసుకున్న కాగితం ఉన్న పృచ్ఛకుడికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. సభ ముగిశాక ఆ కాగితాలను పారవేయవద్దు. తేదీ, ఊరు రాసి, తడబడిన అక్షరం కింద గీత గీసి, దగ్గరలోని గ్రంథాలయానికో, తెలుగు శాఖకో అందజేయాలి. ధారణ ఎలా నిలుస్తుందో తెలుసుకోవడానికి తెలుగువారి చేతిలో ఉన్న మొదటి సాక్ష్యం ఆ కాగితాలే.